చేతిలో గుచ్చే కొరియా సూది: ఎప్పుడు మేలు, ఎప్పుడు ముప్పు?

యునానీ దవాఖానాలకు వచ్చేవారు ఈ మధ్య తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది: "హకీం సాబ్, చేతి వేళ్లలో చిన్న చిన్న సూదులు గుచ్చి మెడనొప్పి, మోకాళ్ల నొప్పి తగ్గిస్తారట. కొరియా వైద్యమట. చేయించుకోవచ్చా?" రెండవది: "ఎవరికైనా మూతి వంకర పోయి, మాట పడిపోతే పది వేళ్ల కొనలకూ సూది గుచ్చి రక్తపు చుక్క తీస్తే లేచి కూర్చుంటారట. నిజమేనా?"

రెండూ చేతికి, సూదికి సంబంధించినవే. అందుకే చాలామంది ఈ రెంటినీ ఒకే వైద్యం అనుకుంటున్నారు. కానీ మొదటి ప్రశ్నకు జవాబు "కొన్ని నొప్పులకు, తెలిసినవారి చేత, ఫర్వాలేదు." రెండవ ప్రశ్నకు జవాబు "ఎంతమాత్రం వద్దు." ఈ తేడా తెలియకపోతే ఒక ఇంటి పెద్ద జీవితాంతం మంచాన పడే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ వారం ఈ కొరియా సూది సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఆక్యుపంక్చర్ మన దగ్గరికి ఎలా వచ్చింది?

ఆక్యుపంక్చర్ అంటే శరీరంలో నిర్ణీత స్థానాల్లో సన్నని సూదులు గుచ్చి చేసే చికిత్స. ఇందులో మందు ఎక్కించరు. సూది బోలుగా ఉండదు, వెంట్రుకలా సన్నగా ఉంటుంది. ఇది చైనాలో పుట్టి కొరియా, జపాన్ దేశాలకు పాకింది. కొరియా వైద్యులు దానిని తమ పద్ధతిలో పెంచి పోషించారు. కొరియా రాజవైద్యుడు హో జున్ రాసిన 'దోంగుయ్ బోగం' అనే వైద్య గ్రంథం 1613లో అచ్చయింది. యునెస్కో 2009లో దానిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

మన దేశానికి ఆక్యుపంక్చర్ రావడానికి మన దక్కన్ ప్రాంతంతో కొంత సంబంధం ఉంది. 1938లో యుద్ధంలో గాయపడిన చైనీయులకు సేవ చేయడానికి భారతదేశం నుంచి ఐదుగురు వైద్యులు వెళ్లారు. వారిలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశారు. అదే బృందంలోని కలకత్తా వైద్యుడు డాక్టర్ బి.కె. బసు తరువాత చైనాలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులో, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవారు గానీ ఆక్యుపంక్చర్ చికిత్స చేయవచ్చునని పేర్కొంది.

కొరియా చేతి సూది అంటే ఏమిటి?

మామూలు ఆక్యుపంక్చర్‌లో సూదులు ఒళ్లంతా ఎక్కడ అవసరమైతే అక్కడ గుచ్చుతారు. కొరియా పద్ధతిలో సూదులన్నీ చేతిలోనే. యూ తే-వూ అనే కొరియా వైద్యుడు 1971లో దీనిని రూపొందించారు. కొరియా భాషలో దీని పేరు 'కొర్యో సూజీ చిమ్'. 'కొర్యో' అనేది కొరియా పాత రాజ్యం పేరు. కొరియా అన్న పేరు దాని నుంచే వచ్చింది. 'సూజీ' అంటే చేతి వేళ్లు, 'చిమ్' అంటే సూది.

దీని మూలసూత్రం సులభమైనదే. మనిషి ఒళ్లంతా చేతిలో చిన్న పటంలా ఇమిడి ఉందని ఈ వైద్యులు భావిస్తారు. మీ అరచేతిని ఒకసారి ముందుకు చాచి చూసుకోండి. మధ్యవేలు తల, మెడ. దానికి అటూ ఇటూ ఉన్న చూపుడు వేలు, ఉంగరపు వేలు రెండు చేతులు. చివర ఉన్న బొటనవేలు, చిటికెన వేలు రెండు కాళ్లు. అరచేయి ఛాతీ, పొట్ట. చేతి వెనుక భాగం వీపు, నడుము. ఈ లెక్కన మెడ పట్టేసినవారికి మధ్యవేలి వెనుక భాగంలోను, మోకాలి నొప్పి ఉన్నవారికి బొటనవేలు లేదా చిటికెన వేలి కణుపు దగ్గర సూదులు గుచ్చుతారు.

సుజోక్ వేరు, ఇది వేరు

మన ఊళ్లలో యోగా కేంద్రాల్లో, ఉచిత శిబిరాల్లో 'సుజోక్' అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది. అదీ కొరియాదే. పార్క్ జే-వూ అనే ఆచార్యుడు 1980లలో దానిని ప్రచారంలోకి తెచ్చారు. 'సు' అంటే చేయి, 'జోక్' అంటే పాదం. అందుకే సుజోక్‌లో చేతులతో పాటు పాదాలకూ చికిత్స చేస్తారు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. సుజోక్‌లో తల అంటే బొటనవేలు. చూపుడు వేలు, చిటికెన వేలు చేతులు. మధ్యవేలు, ఉంగరపు వేలు కాళ్లు. అంటే ఒక పద్ధతిలో తలనొప్పికి మధ్యవేలు, మరో పద్ధతిలో బొటనవేలు! రెండు పటాలూ ఒకదానితో ఒకటి కలవవు. అయినా రెండింటితోనూ ఉపశమనం పొందామని చెప్పేవారున్నారు. దీనిని బట్టి మనం అర్థం చేసుకోవలసింది ఏమిటంటే, మేలు జరిగితే అది కేవలం ఆ పటం వల్లనే జరిగిందని చెప్పలేము. చేతికి నరాల అల్లిక చాలా దట్టంగా ఉంటుంది. మెదడులో స్పర్శకు కేటాయించిన భాగంలో చేతికి, వేళ్లకు దక్కిన వాటా నడుముకో, వీపుకో దక్కినదానికంటే చాలా పెద్దది. చేతిపై గట్టి ఒత్తిడి గానీ సూది పోటు గానీ పడినప్పుడు ఆ కబురు మెదడుకు బలంగా చేరి, మరోచోటి నొప్పిని కొంతసేపు వెనక్కి నెడుతుంది. రోగికి వైద్యుడిపై ఉన్న నమ్మకం, పక్కన కూర్చుని చేయి పట్టుకుని చూసిన ఆదరణ కూడా ఇందులో పనిచేస్తాయి.

యునానీ దృష్టిలో ఇది ఏమవుతుంది?

కొరియా సూది యునానీ వైద్యంలో భాగం కాదు. మన హకీములు రోగిని మిజాజ్‌ను బట్టి, ఖూన్, బల్గం, సఫ్రా, సౌదా అనే నాలుగు అఖ్లాత్‌ల సమతౌల్యాన్ని బట్టి చూస్తారు. కొరియా వైద్యుల లెక్కలు వేరు. కానీ మందు లేకుండా చేసే చికిత్స యునానీకి కొత్త కాదు. 'ఇలాజ్ బిత్ తద్బీర్' అనే పేరుతో హిజామా, ఫస్ద్ (నరం కోసి రక్తం తీయడం), దల్క్ (మర్దనా), హమ్మాం (ఆవిరి స్నానం), జలగల చికిత్స, కై (వాత పెట్టడం) తరతరాలుగా ఉన్నవే.

ఒకచోటి బాధను తగ్గించడానికి మరోచోట చికిత్స చేయడం కూడా మనకు తెలిసిన సంగతే. దానిని 'ఇమాలా' అంటారు. అంటే దోషాన్ని ఒక అవయవం నుంచి మరోవైపు మళ్లించడం. తలభారానికి పిక్కలపై హిజామా చేయడం, కాళ్లను వేడినీళ్లలో ఉంచడం ఇటువంటివే. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో ఈ పద్ధతుల గురించి విపులంగా చర్చించారు. ఇక హకీంకు చేయి ఎంత ముఖ్యమో చెప్పనక్కర లేదు. మణికట్టు వద్ద నబ్జ్‌పై వేళ్లు ఉంచి పది లక్షణాలు పరిశీలించిన తరువాతే ఆయన నోరు విప్పుతాడు. కొరియా వైద్యులు చేతి సూదితో పాటు మాచిపత్రి జాతి ఆకును చిన్న ఉండలుగా చేసి చర్మానికి వేడి తగిలిస్తారు. మన యునానీలో వాడే అఫ్సంతీన్ కూడా ఆ కుటుంబపు మొక్కే.

అయితే ఒక తేడా మరచిపోకూడదు. హిజామాకు దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి సంప్రదాయంలో స్థానం ఉంది. కొరియా చేతి సూదికి అటువంటి ధార్మిక స్థానం లేదు. అది ఒక లౌకిక చికిత్స మాత్రమే. దాని మేలు, కీడు అనుభవాన్ని బట్టి, పరిశోధనను బట్టి తేల్చుకోవలసిందే. "ఇదీ హిజామా లాంటిదే" అని ఎవరైనా చెప్పి అమ్మజూపితే నమ్మనవసరం లేదు.

ఆక్యుపంక్చర్ వైద్యులు దీనిని ఎప్పుడు వాడతారు?

తెలిసిన వైద్యులు సాధారణంగా ఈ సందర్భాల్లో కొరియా చేతి సూదిని ఎంచుకుంటారు:

మొదటిది, కండరాల నొప్పులు. మెడ పట్టేయడం, భుజం నొప్పి, నడుము నొప్పి, మోకాళ్ల అరుగుదల నొప్పి. మన బళ్లారిలో జీన్స్ కుట్టే పనిలో వందలాది కుటుంబాలున్నాయి. రోజంతా మిషన్ ముందు వంగి కూర్చునే టైలర్లకు, మందమైన గుడ్డను కత్తిరించే కటింగ్ మాస్టర్లకు మెడ, భుజాలు పట్టేయడం మామూలే. ఇటువంటివారు ఎక్కువగా ఈ చికిత్సకు వెళుతుంటారు.

రెండవది, నొప్పి ఉన్నచోట సూది గుచ్చడానికి వీలులేనప్పుడు. అక్కడ పుండు, వాపు, కట్టు, ఆపరేషన్ గాయం ఉండవచ్చు. లేదా రోగి వెల్లకిలా పడుకుని కదలలేని స్థితిలో ఉండవచ్చు.

మూడవది, బట్టలు తొలగించడానికి ఇష్టపడనివారికి. నడుము నొప్పికైనా చేయి చాపితే చాలు కాబట్టి పర్దా పాటించే మన ఇళ్ల ఆడవారికి ఇది సౌకర్యంగా ఉంటుంది.

నాలుగవది, వికారం, వాంతులు. ఆపరేషన్ తరువాత వచ్చేవి, బస్సు ప్రయాణంలో వచ్చేవి.

ఐదవది, పెద్ద సూదులంటే భయపడేవారికి. ఈ సూది చాలా చిన్నది. అది కూడా వద్దనుకుంటే కేవలం నొక్కి, లేదా చిన్న లోహపు గుండీలు అతికించి చికిత్స చేస్తారు.

పక్షవాతం వచ్చి, ఆసుపత్రి చికిత్స పూర్తయి ఇంటికి వచ్చిన తరువాత బిగుసుకుపోయిన భుజానికి, నొప్పులకు సహాయంగా కూడా కొందరు వాడతారు. ఇది వ్యాయామానికి, ఫిజియోథెరపీకి తోడుగానే తప్ప వాటికి బదులు కాదు.

ఎలా చేస్తారు?

ముందుగా వైద్యుడు మీ జబ్బు వివరాలు, వాడుతున్న మందులు అడుగుతాడు. తరువాత మొద్దుగా ఉండే ఒక చిన్న పుల్లతో చేతిలో సంబంధిత భాగాన్ని మెల్లగా నొక్కుతూ పోతాడు. చుట్టుపక్కల కంటే ఎక్కువ నొప్పి పుట్టే ఒక చుక్క దొరుకుతుంది. "అబ్బా" అని చేయి వెనక్కి లాక్కునేంతగా ఉంటుంది. అదే చికిత్స స్థానం. సాధారణంగా బాధ ఏ వైపు ఉంటే ఆ వైపు చేతినే ఎంచుకుంటారు.

ఆ చోటును స్పిరిట్ దూదితో తుడిచి, చిన్న సూదిని స్ప్రింగు ఉన్న పరికరంతో గుచ్చుతారు. లోతు ఒకటి, రెండు మిల్లీమీటర్లే. చర్మాన్ని దాటి కిందికి పోదు. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. ఒక్కో స్థానానికి ఒకటి నుంచి కొన్ని సూదుల వరకు పెట్టి, ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచుతారు. ఈ సమయంలో చేయి కదపకుండా కూర్చోవాలి. తీసినప్పుడు చిన్న రక్తపు బొట్టు రావచ్చు. దూదితో అదిమితే ఆగిపోతుంది. వారానికి రెండు, మూడు సార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తారు.

మీరు గమనించవలసిన విషయం ఒకటే. ఐదారు సార్లు చేయించుకున్నా ఏమాత్రం తేడా కనిపించకపోతే అక్కడితో ఆపండి. "ఇంకో పది సార్లు" అంటూ పొడిగించడంలో అర్థం లేదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ విషయంలో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. కొరియా చేతి చికిత్సపై మంచి పరిశోధనలు తక్కువ. ఉన్నవాటిలో గట్టివి వికారం, వాంతులకు సంబంధించినవి. మెల్లకన్ను ఆపరేషన్ చేయించుకున్న పిల్లలకు ఉంగరపు వేలి నడిమి కణుపుపై నొక్కుడు బిళ్ల అతికిస్తే వాంతులు తగ్గాయని ఆస్ట్రియా వైద్యులు 2000లో ప్రకటించారు. లాపరోస్కోపీ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో ఇటువంటి ఫలితమే 2002లో వచ్చింది. అంబులెన్సులో తీసుకుపోయే వృద్ధులకు ప్రయాణపు వికారం తగ్గిందని 2004లో మరో పరిశోధన చెప్పింది. మణికట్టు లోపలివైపు ఉండే మరో ఆక్యుపంక్చర్ స్థానం ఆపరేషన్ తరువాతి వాంతులకు పనిచేస్తుందని 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది.

నొప్పుల విషయంలో కొందరికి తాత్కాలిక ఉపశమనం కలుగుతుంది. అంతకు మించి చక్కెర వ్యాధిని, రక్తపోటును, థైరాయిడ్‌ను, కిడ్నీ రాళ్లను, క్యాన్సర్‌ను చేతి సూదులు నయం చేస్తాయని చెప్పడానికి ఆధారం లేదు. ఇటువంటి మాట చెప్పి "మీ మాత్రలు ఆపేయండి" అనే వ్యక్తి ఏ గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు తగిలించుకున్నా సరే, అక్కడి నుంచి లేచి రండి.

పక్షవాతానికి పది వేళ్లు గుచ్చే సలహా

ఇక అసలు విషయానికి వద్దాం. "పక్షవాతం వస్తే రోగిని కదపకండి. ముందు పది వేళ్ల కొనలకు సూది గుచ్చి రక్తం తీయండి. చెవి తమ్మెలు లాగి అక్కడా గుచ్చండి. తరువాతే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అనే సందేశం ఏళ్ల తరబడి మొదట ఈ-మెయిళ్లలో, తరువాత సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. మన తెలుగు, ఉర్దూ గ్రూపుల్లోనూ వస్తోంది. పుణ్యం వస్తుందని మంచి మనసుతో అందరికీ పంపేవారు ఎందరో ఉన్నారు.

పూర్వం చైనా, కొరియాల్లో స్పృహ తప్పినవారికి వేళ్ల కొనలు గుచ్చే అలవాటు ఉండిన మాట నిజమే. అప్పట్లో మెదడు లోపల ఏం జరుగుతోందో చూసే స్కాను లేదు, గడ్డను కరిగించే మందూ లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి.

పక్షవాతం (ఫాలిజ్) ఎక్కువ మందిలో మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వస్తుంది. కొందరిలో రక్తనాళం చిట్లి వస్తుంది. ఏది జరిగిందో స్కాను తీస్తే తప్ప తెలియదు. గడ్డ వల్ల అయితే దానిని కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల పడాలి. ఎంత ముందుగా పడితే అంత మేలు. చికిత్స అందని ప్రతి నిమిషానికి మెదడులో సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని వైద్యులు లెక్కగట్టారు. పది వేళ్లు, రెండు చెవులు గుచ్చి, రక్తం వచ్చేదాకా పిండి, "కాస్త తెప్పరిల్లనీ" అని వేచి ఉంటే అరగంట, గంట ఇట్టే గడిచిపోతుంది. వేలి కొన నుంచి తీసిన రక్తపు చుక్క మెదడులోని గడ్డను కరిగించదు. మెదడులో రక్తస్రావం అవుతున్నవారికైతే ఆ నొప్పికి రక్తపోటు మరింత పెరిగే ప్రమాదం ఉంది.

"మరి ఫలానా వారికి గుచ్చగానే మాట వచ్చిందట కదా" అని మీరు అడగవచ్చు. కొందరిలో గడ్డ కాసేపు అడ్డుపడి, తనంతట తానే జారిపోతుంది. మాట, చేయి కొద్ది నిమిషాల్లో మామూలు స్థితికి వస్తాయి. సూది గుచ్చినా, గుచ్చకపోయినా అది తగ్గేదే. ఇది నిజానికి పెద్ద పక్షవాతం రాబోతోందన్న హెచ్చరిక. మరుసటి రెండు రోజులు అత్యంత ప్రమాదకరం. "సూదితో తగ్గిపోయింది" అనుకుని ఇంట్లో కూర్చున్నవారికి ఆ హెచ్చరిక వృథా అవుతుంది.

కాబట్టి ఇది గుర్తుంచుకోండి. నవ్వమంటే మూతి ఒకవైపు జారడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒక చేయి వాలిపోవడం, మాట తడబడడం, హఠాత్తుగా చూపు మసకబారడం లేదా నడక తూలడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. లక్షణం మొదలైన సమయాన్ని కాగితంపై రాసుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న అదే. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, తేనె, మాత్ర, జంజం నీరు కూడా పోయకండి. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాను సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. బళ్లారిలో ఉన్నవారికి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కంటోన్మెంట్‌లోనే ఉంది. పెద్దాసుపత్రి ఇంత దగ్గరలో ఉండి కూడా సూది కోసం ఇల్లంతా వెదకడం తగదు.

మూతి మాత్రమే వంకర పోయి, చేయి, కాలు బాగానే ఉంటే అది లఖ్వా కావచ్చు. లఖ్వాకు హకీంల దగ్గరికి, ఆక్యుపంక్చర్ వారి దగ్గరికి వెళ్లే అలవాటు మన ఇళ్లలో ఉంది. కానీ అది లఖ్వానో, పక్షవాతమో తేల్చవలసింది డాక్టరు. లఖ్వాకు కూడా మొదటి మూడు రోజుల్లోనే మొదలుపెట్టవలసిన మందులున్నాయి. ఆ తరువాత మర్దనా, సూది వగైరా ఆలోచించుకోవచ్చు.

"గ్యాస్" అనుకుని గుచ్చకండి

కొరియా ఇళ్లలో మరో అలవాటు ఉంది. అజీర్తి చేస్తే బొటనవేలి గోరు పక్కన సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తారు. మన దగ్గర సోడా తాగినట్టు, వాము నమిలినట్టు అన్నమాట. ఈ మధ్య ఇక్కడి శిబిరాల్లోనూ దీనిని నేర్పుతున్నారు.

ఇందులో ప్రమాదం సూదిలో లేదు, పొరబడడంలో ఉంది. గుండెపోటు కొందరిలో పై పొట్టలో మంటగా, తేన్పులుగా, వికారంగా మొదలవుతుంది. ముఖ్యంగా స్త్రీలలో, వృద్ధులలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఛాతీ నొప్పి అంతగా తెలియకపోవచ్చు. పండుగ రోజు బిర్యానీ తిన్న తరువాత వచ్చింది కాబట్టి గ్యాసే అనుకుంటారు. చెమట పట్టడం, ఆయాసం, ఎడమ చేయి, దవడ లేదా వీపు లాగడం, కళ్లు తిరగడం ఏది తోడైనా అది గ్యాస్ కాదనే భావించి ఇ.సి.జి. తీయించండి. సూది తరువాతి మాట.

ఎవరికి ఈ సూది తగదు?

చక్కెర వ్యాధి ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి ఉంది. అంటే మన ప్రతి బంధువర్గంలోనూ ఉన్నట్టే. చక్కెర అదుపులో లేనివారికి చిన్న గాయం కూడా చీము పడుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవారు సుజోక్ పేరుతో పాదాలకు సూదులు గుచ్చించుకోకూడదు. గింజలు అతికించి చెప్పులు వేసుకోవడం కూడా వద్దు. వేడి తగిలించే చికిత్స అసలే వద్దు. కాలినా వారికి తెలియదు.

రక్తం పలచబరిచే మందులు (వార్ఫరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ వంటివి) వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతాలు, కరెంటు పరికరాలు పెట్టించుకోకూడదు. గర్భిణీ స్త్రీలు తమ డాక్టరును అడగకుండా చేయించుకోకూడదు. చేతిపై గజ్జి, పుండు, వాపు ఉన్నప్పుడు ఆపాలి.

టైలరు పని చేసేవారికి మరో మాట. రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది మణికట్టు దగ్గర నరం నలగడం కావచ్చు. అది చేతిలోని జబ్బే. దానికి వేళ్లలో సూదులు గుచ్చించుకుంటూ కాలం గడిపితే బొటనవేలి కింది కండ క్రమంగా కరిగిపోతుంది, కత్తెర పట్టు తప్పుతుంది. ముందు నరాల డాక్టరుకు చూపించండి.

ఎవరి దగ్గర చేయించుకోవాలి?

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి తానే బాధ్యుడవుతాడనే భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. మూడు రోజుల శిబిరంలో నేర్చుకుని బోర్డు పెట్టినవారికి ఇది వర్తిస్తుంది. మీరు వెళ్లేచోట ఈ విషయాలు చూడండి: వైద్యుడికి రిజిస్ట్రేషన్ ఉందా? సూదుల ప్యాకెట్టు మీ కళ్లముందే విప్పుతున్నారా? వాడిన సూదులను మళ్లీ డబ్బాలో వేయకుండా పారేస్తున్నారా? చేతులు కడుక్కుంటున్నారా? ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే కామెర్లు కలిగించే హెపటైటిస్ బి, సి, అలాగే హెచ్.ఐ.వి. సోకవచ్చు. "స్పిరిట్‌తో తుడిచాం" అంటే సరిపోదు. మీ పాత రిపోర్టులు చూడకుండానే సూది పట్టుకునేవారి దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

ఇంట్లో సూది వాడకండి. గుండుసూది, బట్టలు కుట్టే సూది, గ్లూకోమీటరు సూది ఏదీ వద్దు. నొక్కడం వరకు ఫర్వాలేదు.

బస్సులో వికారం వచ్చేవారు మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు కొలిచి, లోపలివైపు రెండు నరాల్లాంటి తంతువుల మధ్య బొటనవేలితో రెండు, మూడు నిమిషాలు నొక్కవచ్చు. మెడ పట్టేసినప్పుడు మధ్యవేలి వెనుక భాగంలో పెన్సిలు మొద్దు కొనతో వెదికి, నొప్పి పుట్టే చుక్కను నిమిషం సేపు నొక్కి వదలవచ్చు. నొక్కుతున్నంతసేపు మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. సుజోక్ వారు మెంతిగింజలను టేపుతో అతికిస్తారు. యునానీలో హుల్బా పేరుతో మనం వాడే మెంతులే అవి. పెద్దలకు కొన్ని గంటలు ఉంచి తీసేయవచ్చు. చిన్నపిల్లలకు వద్దు, నోట్లో వేసుకుంటారు.

దానితో పాటు మెడ, భుజాలకు గోరువెచ్చని రోగన్‌తో దల్క్, గంటకోసారి మిషన్ మీద నుంచి లేచి భుజాలు తిప్పడం, కూర్చునే స్టూలు ఎత్తు సరిచూసుకోవడం చేస్తే సూది అవసరం చాలావరకు తగ్గుతుంది.

రమజానులో ఈ సూది వల్ల రోజా భంగమవుతుందా అని కూడా అడుగుతున్నారు. ఇందులో మందు గానీ, ఆహారం గానీ లోపలికి పోదు. అయినా ఇది షరీఅత్‌కు సంబంధించిన విషయం కాబట్టి మీ మసీదు ఆలింను అడిగి నిర్ణయించుకోండి. అంత తొందర లేని నొప్పి అయితే ఇఫ్తార్ తరువాత చేయించుకోవచ్చు.

చివరిగా ఒక విన్నపం. పది వేళ్లు గుచ్చమనే సందేశం మీ ఫోనుకు వస్తే మరొకరికి పంపకండి. పంపినవారికి మర్యాదగా చెప్పండి. దానికి బదులు మూతి, చేయి, మాట, సమయం, 108 అనే ఐదు మాటలు కాగితంపై రాసి వంటింటి తలుపు మీద అతికించండి. ఇంట్లోని పిల్లలకు కూడా నేర్పండి. దాదీమాకు మాట తడబడినప్పుడు పక్కన ఉండేది తరచుగా ఆ పిల్లలే. అల్లాహ్ మనందరికీ సంపూర్ణ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.